తప్పెటోళ్ల పీట

పోయిన వారం మనం ఇశ్రాయేలును ఒక గడప బయట నిలబెట్టి వచ్చాం. ఏడు రోజులైనా మనిషి అక్కడే ఉన్నాడు. కాళ్లు పీకుతున్నా కూర్చోలేదు. కూర్చోమన్నవాడు ఒకడుంటే గదా.

ఆ గడప ఆదోనిలో విరుపాక్షగౌడు దూది మిల్లు మేడ మీది హాలుది. లోపల పన్నెండడుగుల బల్ల. దాని మీద అట్టతోనూ చెక్కతోనూ కట్టిన ఆదోని కోట. కోటలో విజయనగరం దండు, బయట బిజాపూరు దండు. అందరూ బొటనవేలంత బొమ్మలే. నాలుగేసి బొమ్మలను ఒక చెక్క పీటకు అతికించి నిలబెడతారు. పీట జరిగితే నలుగురూ నడిచినట్టు, పీట తీసేస్తే నలుగురూ చచ్చినట్టు. నడకకు టేపు కొలత, చావుకు పాచికలు. ఈ బల్ల యుద్ధాన్ని పల్టన్లో ఒక తెల్లదొర దగ్గర నేర్చుకుని ఊరికి మోసుకొచ్చినవాడు ఎమ్మిగనూరు సుబేదారు దుర్గప్ప. విజయనగరం ఆయనది, బిజాపూరు గౌడుది. ఓడినవాడి దండు గెలిచినవాడి సొత్తు. అదీ ఈనాటి పందెం.

గౌడు ఓడితే పోయేది బొంబాయి నుంచి తెప్పించుకున్న సీసపు బొమ్మలు. మళ్లీ తెప్పించుకుంటాడు. దుర్గప్ప ఓడితే పోయేది ఇశ్రాయేలు ఎనిమిది నెలల కష్టం. గెలిస్తే రెండు దండ్లనూ ఎమ్మిగనూరు బడి వరండాలో బల్ల వేసి పెడతానని దుర్గప్ప మాటిచ్చాడు. అక్కడైతే ఎవరైనా వచ్చి చూడొచ్చు, చేత్తో ముట్టుకోవచ్చు. ఓడితే అవి ఈ హాల్లోనే గౌడు అద్దాల బీరువాలోకి పోతాయి. ఆ తర్వాత తను చేసిన బొమ్మలను తను చూడాలన్నా ఇశ్రాయేలు ఈ గడప దాకా వచ్చి ఆగిపోవలసిందే.

గడప దాటొద్దని అతనికి ఎవరూ నోటితో చెప్పలేదు. అలాంటివి నోటితో చెప్పరు. కొత్త రాష్ట్రం వచ్చింది, బళ్లారి జిల్లా పోయి కర్నూలు జిల్లా అయింది, గౌడు మేడ మీది పద్ధతి మాత్రం ఉన్నచోటనే ఉంది. ఈటె విరిగినా గుర్రం కాలు ఊడినా బొమ్మను తెచ్చి గడప మీద పెడతారు. ఇశ్రాయేలు అతికించి మళ్లీ గడప మీదే పెడతాడు. ఎల్లప్ప సారు వచ్చి తీసుకుపోతాడు. ఎల్లప్ప సారు బడిపంతులు. టేపు పట్టేదీ, ఆట కానూను పుస్తకం చూసి తగవు తీర్చేదీ ఆయనే.

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు పరిస్థితి ఇది. కోట తలుపు విరిగింది. విలుకాళ్ల పీటలు ఆరుకు ఆరూ లేచిపోయాయి. గౌడు ఏనుగులు తలుపుకు జానెడు దూరంలో ఉన్నాయి. ఆ తలుపులో మిగిలినది ఒకే ఒక్క పీట, నలుగురు తప్పెటవాళ్లది. ఇక మిగిలినది గౌడు వంతు ఒకటి, ఆపైన దుర్గప్ప వంతు ఒకటి. ఆ ఒక్క వంతు ఏనుగులు తలుపులో ఆగితే చాలు, దుర్గప్ప గుర్రపుదండు కొండ చుట్టి వచ్చి వెనక నుంచి పడుతుంది. ఎల్లప్ప సారు రెండుసార్లు కొలిచి చూసి మరీ తల ఊపాడు.

ఇశ్రాయేలు గుండె ఆ పీట మీదే ఉంది. ఉండదా మరి?

ఆ బొమ్మలు ఎలా తయారయ్యాయో అతనికి తెలుసు, అతని ఇంటిపక్కవాళ్లకు తెలుసు. పగలంతా జిన్నింగు మిల్లుల బోర్డులు, బండ్ల మీద పేర్లు రాసే మనిషి. పొద్దున్నే ఇంకా ఎండ రాకముందు పెద్దకడుబూరులో తన ఇంటి అరుగు మీద కూర్చుని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి పిసికేవాడు. లోపల సన్నతీగ, పైన ఆ ముద్ద. ఆరాక సుద్ద పూత, ఆపైన రంగు. పంచె ముడతల్లో నల్లరంగు పలచగా దింపి, పైకి తేలిన చోట తుడిచేస్తే గుడ్డ గుడ్డలా కనబడుతుంది. కళ్లకు ఉడత వెంట్రుకల కుంచె. ఊపిరి బిగబట్టి చుక్క పెట్టాలి, లేకపోతే సిపాయికి మెల్ల వస్తుంది. పీటల దగ్గర మొదట బోల్తా పడ్డాడు. రేగడి పొలంలో పుట్టి పెరిగినవాడు కూడా పీటల మీద రేగడి పరిచాడు. ఆరేసరికి అరవై పీటలూ నెర్రెలు విచ్చి సిపాయిలు తలా ఒక దిక్కుకు వాలిపోయారు. వాళ్లమ్మ సంతోషమ్మ చూసి "మీ దండు సారా తాగొచ్చిందా ఏమిరా?" అని నవ్వింది. అన్నీ పీకి, ఎర్రమట్టి జల్లెడ పట్టి, జిగురుతో మళ్లీ పరిచాడు. మిల్లులో రాలిన దూదికి పచ్చరంగు అద్ది గడ్డి మొలిపించాడు.

ఇంత చాకిరీ ఎవరి కోసం? దుర్గప్ప కోసం. దుర్గప్ప చెప్పిన ఒకే ఒక్క మాట కోసం.

ఇశ్రాయేలు తమ్ముడు దేవదాసు దుర్గప్పతో పాటే పల్టన్లో చేరి బర్మాలో చచ్చిపోయాడు. రెండేళ్ల తర్వాత దుర్గప్ప పెద్దకడుబూరు వచ్చాడు. బోయ కులంవాడు, సుబేదారు, వాళ్ల గుడిసెలో కుక్కి మంచం మీద కూర్చుని వాళ్ల చెంబుతో నీళ్లు తాగాడు. తాగి, "నీ కొడుకు నా పక్కన నిలబడి సిపాయిగా పోరాడి పోయినాడు తల్లీ" అన్నాడు. అప్పటి నుంచి సంతోషమ్మ చర్చిలో ముందు వరుసలో కూర్చుంటుంది. ఎవరేమన్నా "నేను సిపాయి తల్లిని" అంటుంది. ఆ మాట చెప్పినవాడు అడిగితే ఇశ్రాయేలు ఎనిమిది నెలలు కాదు, ఎనిమిదేళ్లు చేసేవాడు.

ఇక బల్ల దగ్గరికి రండి.

గౌడు ఏనుగుల పీటను తలుపులోకి జరిపాడు. "దార్లో ఏముండాది?" అన్నాడు, కనబడనట్టు.

"తప్పెటోళ్లుండారు" అన్నాడు దుర్గప్ప.

"తప్పెటోళ్లా?" గౌడు పొట్ట కదిలేలా నవ్వాడు. "వాళ్లు మనుషుల లెక్కలోకి యాడొస్తారు సుబేదారూ? సామాను." అంటూనే చూపుడు వేలితో ఆ పీటను పక్కకు చిమ్మాడు. పీట కోటగోడకు తగిలి బోర్లా పడింది. ముందున్న తప్పెటవాడి కుడిచెయ్యి పుల్లతో సహా విరిగి బల్ల కింద పడింది.

ఆ ముందున్నవాడు మాదన్న. ఇశ్రాయేలు తండ్రి. పుల్ల ఎత్తినప్పుడు కింది పెదవి కొరుక్కునేవాడు, బొమ్మలోనూ ఆ పెదవి అలాగే ఉంది.

ఇశ్రాయేలు గడప దాటాడు.

దాటానని అతనికి బల్ల అంచు చేతికి తగిలేదాకా తెలియలేదు. ఒళ్లంతా మండుతోంది. వంగి విరిగిన చెయ్యి ఏరుకున్నాడు. పీటను ఎత్తి, తలుపులో, అది ముందున్న చోటనే నిలబెట్టాడు.

"ఎవర్రా నిన్ను లోపలికి రమ్మనింది?" గౌడు గొంతు లేచింది.

"ఎవరూ రమ్మన్లేదు. నేనే వచ్చినాను. ఈ పీట మీద నలుగురు మనుషులుండారు గౌడప్పా. అందరికేసినట్లే వీళ్లకూ పాచికెయ్యి. సస్తే తీసెయ్యి. నేనేమీ అనను. వేలితో మాత్రం తొయ్యొద్దు."

"నాకు కానూను నేర్పుతాండావా?"

"నేర్పాల్సొస్తే నేర్పుతాను."

ఎల్లప్ప సారు మధ్యలోకి వచ్చాడు. మంచివాడే పాపం, ఎవరితోనూ చెడకూడదన్న మంచితనం. "గొడవెంటికి? పుస్తకముండాది గదా, సూద్దాం" అని నల్ల అట్ట పుస్తకం తెరిచి, వేలు పెట్టి చదివాడు. "తప్పెటవాళ్లు, వంటవాళ్లు, నీళ్లవాళ్లు, మంగళ్లు, మోచీలు, వీళ్లందరూ ఫాలోయర్లు. పీట ఉన్నా బలం సున్నా. శత్రువు తగిలినప్పుడు పాచిక వేయనక్కరలేదు, పక్కకు జరిపితే చాలు."

"ఇన్నావా?" అన్నాడు గౌడు. "సున్నా."

"ఎవరు రాసినారు అది?" ఇశ్రాయేలు చెయ్యి చాచాడు. "ఇట్లియ్యి సారూ."

ఎల్లప్ప సారు గౌడు ముఖం చూశాడు, దుర్గప్ప ముఖం చూశాడు. ఇద్దరిలో ఎవరూ ఏమీ అనకముందే ఇశ్రాయేలు పుస్తకం లాక్కున్నాడు. అక్షరాలతో బతికేవాడు, పేజీ చూడగానే తెలిసిపోయింది. 'ళ'కు తోకను పక్క అక్షరం కిందిదాకా ఈడ్చే చెయ్యి ఒక్కటే. ఎనిమిది నెలలుగా "పాగా ఎరుపు, దట్టి పసుపు" అని చీటీలు పంపిన చెయ్యి. గౌడు రాసిన కానూను కాదది.

ఇశ్రాయేలు తలెత్తి దుర్గప్పను చూశాడు. కోపం ఇంతసేపూ గౌడు మీద ఉంది. గౌడు మీద కోపం పాతది, పుట్టినప్పటి నుంచి ఉన్నది, దాన్ని మోయడం అలవాటే. ఇప్పుడు వచ్చినది వేరే. ఇది ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు.

"నువ్వా అన్నా?"

దుర్గప్ప మీసం సవరించుకున్నాడు. "కోపం తెచ్చుకోవద్దప్పా. అది నేను పుట్టిచ్చిన కానూను కాదు. పల్టన్లో ఉండేదే రాసినాను. యుద్ధం సేసేటోళ్లు వేరే, ఫాలోయర్లు వేరే. వాళ్లకు తుపాకియ్యరు. సచ్చినా సిపాయిల పట్టీలో పేరుండదు. ఆట అన్నంక కానూను..."

"మరి తలుపులో ఎంటికి నిలబెడ్తివి వాళ్లను? సున్నా అని తెలిసి?"

ఎందుకో దుర్గప్పకు తెలుసు. విలుకాళ్లందరూ పోయాక ఆ చోటు ఖాళీగా కనబడకూడదని నిలబెట్టాడు. గౌడు చూసుకోకుండా పాచిక వేస్తాడేమోనని నిలబెట్టాడు. అక్కరకు మనుషులు, లెక్కకు సున్నా. సుబేదారుగారి యుద్ధనీతి అదీ.

గౌడుకు ఇదంతా విసుగొచ్చింది. విసుగొచ్చినప్పుడు ఆయన నోటికి అడ్డూ ఆపూ ఉండదు. "ఎంటికిరా అంత రోషం? మీ తమ్ముడు గూడా ఆ ఫాలోయర్ల పట్టీనే గదా. మోచీ అంట గదా. పల్టన్లో బూట్లు కుడ్తాండె అని సుబేదారే నాకు సెప్పె, ఉగాది నాడు ఈడనే కూసోని."

కింద మిల్లు ఆదివారం కాబట్టి ఆగి ఉంది. ఎల్లప్ప సారు చేతిలోని టేపు దానంతటదే సర్రున చుట్టుకుపోయింది.

"అన్నా. ఈయప్ప సెప్పేది నిజమేనా?"

దుర్గప్ప కళ్లు బల్ల మీదే ఉన్నాయి. వంకర లేని పీటనొకదాన్ని సరిచేస్తున్నాడు.

"నిన్నే అడుగుతాండేది!"

"మోచీగానే సేరినాడు" అన్నాడు దుర్గప్ప చివరికి. "సిపాయిగా తీసుకోలేదు వాన్ని."

"మా యమ్మకు సిపాయని సెప్తివి."

"ఆ తల్లి మొగం సూసి సెప్పలేకపోతినప్పా."

"గౌడప్ప మొగం సూసి సెప్పగలిగితివే!"

అరిచాడు ఇశ్రాయేలు. జీవితంలో మొదటిసారి ఆ మేడ మీద అతని గొంతు ఆ చివర నుంచి ఈ చివరకు వినబడింది. "బూట్లు కుట్టేది తప్పా అన్నా? మా నాయన కుట్టె, మా తాత కుట్టె. బూట్లు లేకుండా మీ సిపాయిలు బర్మా అడివిలో ఎన్ని మైళ్లు నడిసినారు? మా తమ్ముడు మోచీ అని సెప్పింటే మా యమ్మ ఏడ్సేది గాని సిగ్గు పడేది గాదు. సిగ్గు పడింది నువ్వు. మా ఇంట్లో ఒక మాట, ఈడ ఇంగొక మాట. నీళ్లు తాగితివే మా సెంబుతో! ఆ నీళ్లు గూడా సున్నానేనా?"

"సాలు సాలు" అన్నాడు గౌడు. "గమ్మున బయటికి నడువు. ఏనుగులు లోపలికొచ్చినాయి, కోట నాది. ఎల్లప్పా, ఆ బొమ్మలన్నీ బీరువాలో పెట్టిచ్చు."

ఆ మాటతో ఇశ్రాయేలుకు ఎక్కడ లేని నిదానం వచ్చింది. నిదానం అంటే శాంతం అనుకునేరు. కాదు. అరిచి అరిచి లాభం లేదని తెలిసినవాడి కోపం అది, చేతుల్లోకి దిగింది. భుజానికున్న సంచీలోంచి టర్పెంటైను సీసా తీశాడు. గుడ్డపీలిక తడిపాడు. ఘాటు గుప్పుమంది.

"ఏం సేస్తాండావురా?"

"లెక్క సరి సేస్తాండా గౌడప్పా. తప్పెటోడు సున్నా. మోచీ సున్నా. నేను ఆ తప్పెటోని కొడుకును, ఈ మోచీ అన్నను. నేనూ సున్నానే గదా? సున్నా వేసిన రంగు మాత్రం నీ బీరువాలోకి ఎట్లొస్తాది?"

అంటూ ఈటెవాళ్ల పీట చేతిలోకి తీసుకుని నాలుగు ముఖాలూ తుడిచేశాడు. కళ్లు, మీసాలు, నుదుటి బొట్టు అన్నీ గుడ్డకు వచ్చేశాయి. తెల్లటి సుద్ద మిగిలింది. పీట కింద పెట్టి ఇంకొకటి తీసుకున్నాడు. ఎనిమిది నెలలు ఊపిరి బిగబట్టి పెట్టిన చుక్కలు ఒక్కొక్కటి పోతున్నా ఆపలేదు. నా వాళ్లకు లేని ముఖం ఎవరికీ వద్దు, అనుకున్నాడు.

"పట్టుకోరా వాన్ని ఎల్లప్పా!" గౌడు కేకలు పెట్టాడు. తను మాత్రం కుర్చీలోంచి లేవలేదు. లేచి పట్టుకోవాలంటే ఇశ్రాయేలును ముట్టుకోవాలి. ఎల్లప్ప సారు రెండడుగులు వేసి, ఇశ్రాయేలు చూసిన చూపుకు అక్కడే నిలబడిపోయాడు.

ఈటెవాళ్లు అయిపోయారు. కత్తులవాళ్లు అయిపోయారు. ఇశ్రాయేలు కోట నడిమధ్య నుంచి దండు నడిపే దళవాయి పీట తీశాడు. ఆ పీట మీద ఒక్కడే ఉంటాడు. దళవాయి ముఖం దుర్గప్పదే, ఆ మీసం, ఆ చెంప మీది గాటుతో సహా. దుర్గప్ప కోరి చేయించుకున్నాడు. చేయించుకుని ఊరుకోక, రొమ్ము మీద పసుపుపచ్చ చుక్క కూడా పెట్టించుకున్నాడు, బర్మాలో తనకిచ్చిన పతకం. నాలుగు వందల ఏండ్ల నాటి దళవాయికి మొన్నటి పతకమేమిటని ఎల్లప్ప సారు అప్పుడే గొణిగాడు గాని, సుబేదారు ముచ్చటకు ఎవరు అడ్డం చెబుతారు?

ముఖం తుడిచేశాడు ఇశ్రాయేలు. ఒక్క రుద్దుకే మీసం పోయింది. దుర్గప్ప చూస్తూ ఊరుకున్నాడు.

పసుపు చుక్క మాత్రం ఊడలేదు. దాన్ని మూడు పూతలు వేసి గట్టిగా నిలిపాడు మరి. ఇశ్రాయేలు గుడ్డ పక్కన పడేసి, సంచీలోంచి చిన్న కత్తి తీసి, మొనను ఆ చుక్క కింద పెట్టాడు.

అప్పుడు కదిలాడు దుర్గప్ప. కుర్చీ వెనక్కి పడిపోయింది. బల్ల చుట్టూ తిరిగి రావడానికి కూడా ఓపిక లేనట్టు, కోట మీదుగా వంగి, తన సిపాయిలను తానే పడగొట్టుకుంటూ వచ్చి ఇశ్రాయేలు చేతిని కత్తితో సహా రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మొగం గీకు. కాళ్లు ఇరగ్గొట్టు. దాన్ని మాత్రం గీకొద్దు."

"ఎంటికి? పతకం పోతే పరువు పోతాదా?"

"గీకొద్దురా, నీ కాళ్లు మొక్కుతాను."

"ఇడువన్నా చెయ్యి. తెగుతాది."

"తెగనీ." కత్తిమొన దుర్గప్ప బొటనవేలిలోనే దిగి ఉంది, ఆయనకు తెలుస్తున్నట్టు లేదు. పదేళ్లుగా ఎవరితోనూ అనని మాట అది, గౌడు ముందు, ఎల్లప్ప సారు ముందు, చెప్పకూడని చోటనే బయటికి వచ్చింది.

"మీ తమ్ముడు పోయిన దినం మేమంతా పారిపోతిమి. తుపాకి పట్టుకోని నిలబడింది వాడొక్కడే. ఫాలోయరు తుపాకి పట్టినాడని రాసేదానికి లేదని దొర నా పేరు రాసినాడు. అది నా పతకం గాదు ఇశ్రాయేలూ. మీ దేవదాసుది."